పిసరంత చిన్న నాలుగో గోళీ

సులేమా కొర్బలాన్‌ను మా ఊళ్ళో టాక్సీ పంతులమ్మ అంటారు. ఆవిడకు టాక్సీ లేదు, ఎక్కే స్తోమతా లేదు. ఎక్కడా పూర్తి ఉద్యోగం దొరక్క, ఒక బడిలో కొన్ని గంటలు, ఇంకో కాలేజీలో కొన్ని గంటలు పాఠాలు చెప్పుకుంటూ ఊరంతా తిరిగేవాళ్ళందరికీ మా తుకుమాన్‌లో అదే పేరు. పొద్దున్న నగరం అంచున ఒక హైస్కూలు. మధ్యాహ్నం చక్కెర మిల్లు ఉన్న ఊళ్ళో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల. సాయంత్రం మా యూనివర్సిటీలో సాహిత్య విభాగం. ఆవిడ తిండి బస్సులో, పేపర్లు దిద్దడం బస్సులో, జుట్టు ముడేసుకోవడం కూడా బస్సులోనే. ఎక్కడైనా కుర్చీలో కూర్చున్నా సంచీ భుజం మీంచి దించేది కాదు. మా ఇంటికి ఒకసారి భోజనానికి వచ్చి, మా అమ్మ ఎంత చెప్పినా వినకుండా సంచీతోనే కూర్చుని తిన్నది.

నేను ఆవిడకు సహాయకురాలిని. జీతం లేదు. చదువు పూర్తిచేసి, ఇంకా పాఠం చెప్పే చోటు దొరకనివాళ్ళు మా దగ్గర మొదట అలాగే చేరతారు. దానికి 'గౌరవార్థం' అని మంచి పేరు పెట్టారు. సులేమాది నాకంటే నయం, జీతం వచ్చేది. కానీ ఆవిడ పోస్టు తాత్కాలికం. ఆ తాత్కాలికానికి ఇరవై ఏళ్ళు నిండబోతున్నాయి. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళ పిల్లలు మా తరగతిలో కూర్చున్నారు.

ఇక గోళీల పంజరం సంగతి.

మా పాతతరం మౌఖిక పరీక్షల్లో ఒక చిన్న తీగల పంజరం ఉండేది. దానికో చేతిపిడి. లోపల నంబర్లు వేసిన చెక్క గోళీలు. పరీక్షకు వచ్చినవాడు పిడి తిప్పితే కింద ఉన్న గొట్టంలోంచి ఒక గోళీ పడుతుంది. ఆ నంబరు పాఠం మీద మాట్లాడాలి. నేను చదువుకునే రోజులకే అది బీరువాలో చేరింది, పరీక్షలన్నీ ఇంటి దగ్గర రాసుకొచ్చే వ్యాసాలైపోయాయి. ఈమధ్య పిల్లలు ఆ వ్యాసాలను యంత్రానికి చెప్పి రాయించడం మొదలుపెట్టారు. ఒకసారి బస్సులో ఒక కట్ట చదివి సులేమా నావైపు తిరిగింది.

"వీళ్ళందరికీ ఒకే మేనమామ ఉన్నాడే. చాలా మర్యాదస్థుడు. ఎవరినీ నొప్పించడు, ఏదీ తేల్చి చెప్పడు. చివర్లో మాత్రం అన్నీ ముఖ్యమే అంటాడు."

"అందరినీ ఫెయిల్ చేసేస్తారా ప్రొఫె?" అన్నాను, ప్రొఫెసర్‌ను మేం ముద్దుగా పిలిచే మాటతో.

"మేనమామని ఎలా ఫెయిల్ చేస్తాను? ఆయన పరీక్షకు కట్టలేదు కదా. ఆ పంజరం ఎక్కడుందో చూడు."

అలా పంజరం బయటికొచ్చింది. బస్సులెక్కి ఆవిడతో అన్ని కాలేజీలకూ తిరిగింది. అందులో నాలుగో నంబరు గోళీ తక్కినవాటిలాంటిది కాదు. ఏనాడో ఒక పరీక్షలో అసలుది కిందపడి, వాకిట్లో కాలవలోకి దొర్లిపోయిందట. దాని బదులు వీధిలోని నారింజ చెట్టు కొమ్మతో ఒకటి చెక్కించారు. చెక్కినాయన చెయ్యి కొంచెం పొదుపు. గోళీ పిసరంత చిన్నదైంది. చిన్నది గనుక గొట్టంలోకి తొందరగా జారుతుంది. పంజరం తిప్పిన ప్రతిసారీ కాకపోయినా, చాలాసార్లు నాలుగే పడుతుంది. మాకందరికీ తెలుసు. పిల్లలు పరీక్ష ముందు "నాలుగో నంబరు సాములోరూ, నీదే భారం" అని దణ్ణం పెట్టుకునేవాళ్ళు. సులేమాకీ తెలుసు. అందుకే ప్రతి ఏడాదీ పాఠ్య ప్రణాళికలో అన్నిటికన్నా కష్టమైన పాఠాన్ని నాలుగో నంబరులో పెట్టేది.

"వాళ్ళు తెలివిగా నన్ను మోసం చేస్తున్నామనుకుంటారు. చేయనీ. కష్టమైనదే చదువుతున్నారు కదా," అనేది.

ఆ ఏడాది వసంతంలో, వీధుల్లో నారింజ పూలు విచ్చేవేళకు, సులేమా పోస్టుకు పోటీ ప్రకటించారు. మా యూనివర్సిటీల్లో శాశ్వతమైన కుర్చీ కావాలంటే బహిరంగంగా పోటీపడి గెలవాలి. ఎన్నేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చున్నా సరే. ముగ్గురు న్యాయనిర్ణేతలు అయిదు పాఠాలను నంబర్లు వేసి ముందుగా గోడకు అంటిస్తారు. పాఠం చెప్పాల్సిన రోజుకు ముందురోజు అందులో ఒకటి చీటీ తీస్తారు. గెలిస్తే సులేమాకు జీవితంలో మొదటిసారి ఒక పూర్తి ఉద్యోగం. మధ్యాహ్నం ఊరు, మిల్లు పొగ, రెండు బస్సులు మానేయవచ్చు. ఓడితే ఆ సాయంత్రం గంటలు కూడా పోతాయి.

పోటీకి ఇంకో ఇద్దరు దరఖాస్తు చేశారు. ఒకడు గస్తోన్ అబ్రెగూ, ఆవిడ దగ్గరే చదివి, స్పెయిన్‌లో డాక్టరేటు చేసి వచ్చినవాడు. రెండోది సిల్వీనా హెరెస్, పక్క రాష్ట్రం సాంతియాగో నుంచి. ఆమె కూడా అక్కడ టాక్సీ పంతులమ్మే.

చీటీ తీసే వారం రాకముందే జీతాల కోసం సమ్మె మొదలైంది. గుమాస్తాలు కూడా కలిశారు. విభాగ కార్యదర్శి రోకె, సులేమాతో కలిసి చదువుకుని ఆవిడను ముద్దుగా సులేమీటా అని పిలిచేవాడు, మెట్ల దగ్గర మమ్మల్ని ఆపాడు.

"సులేమీటా, ఆ రోజు ఆఫీసు తాళం తీయరు. డ్రా వస్తువులన్నీ లోపలే. కొర్దోబా నుంచి వచ్చే న్యాయనిర్ణేత, ఆ పెద్దావిడ, వాయిదా వేయనంటోంది. నీ పంజరం పట్టుకురా."

సులేమా సంచీ పట్టీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"కాగితాలు చింపి టోపీలో వేయొచ్చుగా?"

"టోపీలో వేస్తే తర్వాత ఎవడో అభ్యంతరం పెడతాడు. పంజరం అయితే పద్ధతిగా ఉంటుంది. కళ్ళముందు తిరుగుతుంది కదా."

"సరే," అన్నది.

ఆ రాత్రి నుంచి ఆవిడ ఏం చదువుతోందో నేను చూస్తూనే ఉన్నాను. అయిదు పాఠాల్లో నాలుగోది 'నోటి పాట అచ్చులోకి ఎక్కినప్పుడు ఏం పోతుంది' అన్నది. బస్సులో ఆవిడ ఒళ్ళో ఎప్పుడూ అదే. తక్కినవేవీ సంచీలోంచి పైకి రాలేదు. నేనేం అనలేదు. ఆవిడా నావైపు చూడలేదు. అలవాటుగా కిటికీ పక్క సీటు నాకిచ్చే మనిషి, ఆ రోజుల్లో తనే కిటికీ వైపు కూర్చుని, బయటికి చూస్తూ పెదాలు కదుపుతూ ఉండేది.

డ్రా రోజున నేను, న్యాయనిర్ణేతలు దిగిన హోటల్లో ఒక గదిలోకి పంజరాన్ని అందించి బయట నిలబడ్డాను. లోపల పిడి తిరిగిన చప్పుడు, గోళీ పళ్ళెంలో పడిన చప్పుడు వినిపించాయి. తలుపు తెరుచుకుంది. ముందు గస్తోన్ వచ్చాడు, నవ్వు ఆపుకుంటున్నట్టుగా ఫోను చూసుకుంటూ. తర్వాత సిల్వీనా. పొట్టి మనిషి, చేతిలో ప్రయాణపు సంచీ. చివర సులేమా.

"నాలుగు," అన్నది నాతో. "పద, బస్సు తప్పిపోతుంది."

బస్టాండులో మేం శిక్షణ కళాశాల బస్సు కోసం చూస్తుంటే సిల్వీనా మా పక్కకే వచ్చి నిలబడింది. ఎవరితోనో ఫోనులో రేపు కూడా తన తరగతి చూసుకోమని బతిమాలుతోంది. ఫోను పెట్టేసి సులేమాను గుర్తుపట్టింది.

"మీరే కదా సులేమా గారు? క్షమించాలి, పోటీలో ఉన్నవాళ్ళని అడక్కూడదేమో. మీ ఊళ్ళో తెరిచి ఉన్న గ్రంథాలయం ఎక్కడైనా ఉందా? మీ యూనివర్సిటీది మూసేశారు."

"అన్నీ సమ్మెలోనే ఉన్నాయి."

"అంతే అయ్యుంటుందనుకున్నా. నా అదృష్టం ఎప్పుడూ తడిసిన అగ్గిపెట్టే. అయిదింటినీ సమానంగా చదువుకుని వచ్చాను, పిచ్చిదాన్ని. ఒక్కోదానికి ఒక్కో చెంచా. నాలుగుకి సరిపడా మా ఇంట్లో ఉంది. మా అత్త పాటలు పాడుతుంది, పాత డప్పు కూడా ఉంది. వెళ్ళి రావాలంటే ఒక పూర్తి రోజు పడుతుంది. ఇప్పటికే మధ్యాహ్నమైంది, రేపు పొద్దున్నే పాఠాలు. ఆ రోజే లేదు." నవ్వింది. "మీరు కూడా అంతేనా? అయిదూ సమానంగానేనా?"

అంతలో మా బస్సు వచ్చింది.

"బస్సు," అన్నది సులేమా ఆమెతో, అదే జవాబైనట్టు.

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నాయి. సులేమా కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడింది. నగరం దాటి నిమ్మతోటలు వచ్చాయి, తర్వాత చెరకు. ఆవిడ ముందుకు నడిచి డ్రైవరుతో ఏదో అన్నది, మళ్ళీ వెనక్కి వచ్చింది, మళ్ళీ ముందుకు వెళ్ళింది.

"ఏమ్మా, కాలు కాలిందా?" అన్నాడు డ్రైవరు. ఆవిడ రోజూ ఎక్కే బస్సే అది.

"ఆపు. దిగుతాను."

"ఇక్కడా? ఇక్కడ చెరకు తప్ప ఇంకేం లేదు."

"చెరక్కి కూడా పాఠం చెప్తాను, ఆపు."

దిగాం. రోడ్డు దాటి నగరం వైపు బస్సు కోసం నిలబడ్డాం. నీడ లేదు. ఆవిడ కళాశాలకు ఫోన్ చేసి ఈ రోజు రాలేనని చెప్పింది. నేను చేరినప్పటి నుంచి ఆవిడ తరగతి ఎగ్గొట్టడం అదే మొదటిసారి. ఫోను పెట్టి నాతో అన్నది:

"ఒక్కోదానికి ఒక్కో చెంచా అంటుంది. విన్నావా?"

"విన్నాను ప్రొఫె."

"పైగా నన్ను అడుగుతుంది, మీరూ అంతేనా అని. నేను చెంచాలు కాదే, గిన్నె మొత్తం నాలుగోదాన్లోనే పోశాను." కాసేపు మట్టిని చెప్పుతో గీసింది. "ఆవిడ నన్ను పేరు పెట్టి అడగకపోయినా బాగుండేది. ఏ మనిషికైనా అన్యాయం చేసేటప్పుడు ఆ మనిషితో మాట్లాడకూడదు."

మేం నేరుగా హోటలుకే వెళ్ళాం. న్యాయనిర్ణేతల అధ్యక్షురాలు డాక్టర్ ఎచెనీకె, కొర్దోబా మనిషి, మధ్యాహ్నం నిద్ర చెడినందుకు చిరాగ్గా, హోటలు చెప్పులతో కిందికి వచ్చింది. సులేమా పంజరాన్ని హాల్లో బల్ల మీద పెట్టింది. పెద్దావిడ అలవాటుగా కుర్చీ చూపించింది. సులేమా కూర్చోలేదు.

"ఇందులో నాలుగు చిన్నది. అదే ఎక్కువ పడుతుంది. మా పిల్లలందరికీ తెలుసు. నాకూ తెలుసు."

పెద్దావిడ కళ్ళద్దాలు పెట్టుకుని పంజరాన్ని చూసింది. పిడి తిప్పింది. నాలుగు. గోళీ లోపల వేసి మళ్ళీ తిప్పింది. నాలుగు. మళ్ళీ. రెండు. మళ్ళీ. నాలుగు. హోటలు గుమాస్తా కూడా చూస్తున్నాడు, ఏదో పందెం అనుకుని.

"ఇది డ్రాకు ముందు చెప్పాల్సింది."

"అవును."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నాలుగు పడాలని."

పెద్దావిడ అద్దాలు తీసి ఆవిడ ముఖంలోకి చూసింది. ఇంకేదైనా వివరణ వస్తుందని ఆగిందేమో.

"ఇంకెవరికైనా తెలుసా?"

"నా గురించి నేను చెప్పడానికి వచ్చాను."

"సరే. డ్రా రద్దు. రేపు పొద్దున కాగితాలతో. పాఠాలు ఎల్లుండి. మీరు ఆలస్యంగా చెప్పిన సంగతి నేను రికార్డులో రాయాల్సి ఉంటుంది, కొర్బలాన్. దానికి మార్కులు తగ్గవు. కానీ రాస్తాను."

"రాయండి."

మర్నాడు పొద్దున యూనివర్సిటీ మెట్ల మీద, తాళం వేసిన గేటు ముందు మళ్ళీ డ్రా తీశారు. ఈసారి వీధిలో కాబట్టి అందరం చూశాం. సమ్మెలో డప్పులు కొడుతున్న పిల్లలు కూడా ఆగారు. గస్తోన్ ముఖం ఎర్రగా ఉంది, సులేమా వైపు చూడటంలేదు. పెద్దావిడ అయిదు కాగితాలు ఒకే కొలతకు మడిచి, రోకె ఎండ టోపీలో వేసి, బాగా కలిపి, రోడ్డున పోతున్న ఒక పోస్టుమ్యాన్‌ను పిలిచి తీయమన్నది. అతను తీసి, విప్పి, చదివాడు.

"నాలుగు."

రోకె నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి గేటు పట్టుకున్నాడు.

"సాములోరు కాగితంలోకి కూడా వచ్చేశారు," అన్నాడో కుర్రాడు.

సులేమా నవ్వలేదు. ఒక్క సిల్వీనా మాత్రం ఇదేమీ పట్టించుకోకుండా చేతి గడియారం చూసుకుంది. తర్వాత గబగబా బస్టాండు వైపు నడిచింది. పొద్దునే తీశారు కాబట్టి ఆమెకిప్పుడు ఒక పూర్తి రోజు ఉంది.

పోటీ రోజున తలుపులు లేవు. భవనం మూసే ఉంది కాబట్టి పాఠాలు కూడా వీధి పాఠాలే అయ్యాయి. సమ్మె రోజుల్లో మాకు అలవాటే. రోడ్డుకు అడ్డంగా కుర్చీలు, నారింజ చెట్ల కింద నల్లబల్ల, పక్కన టీ పాత్ర, చుట్టూ పిల్లలు. ముగ్గురు న్యాయనిర్ణేతలు పాస్తా కొట్టువాడిచ్చిన బల్ల ముందు కూర్చున్నారు. ఒకే చిక్కు. పోటీలో ఒకరి పాఠం ఇంకొకరు వినకూడదు. అందుకని రోకె, తమ వంతు రానివాళ్ళను మూలమీది బారులో కూర్చోబెట్టి, టీవీ గట్టిగా పెట్టించాడు. ఎవరు తొంగిచూస్తారో కనిపెట్టమని నన్ను గుమ్మంలో నిలబెట్టాడు. చీటీల ప్రకారం ముందు గస్తోన్, తర్వాత సులేమా, చివర సిల్వీనా.

గస్తోన్ పాఠం అయ్యేదాకా సులేమా బారులో ఒక కాఫీని చల్లార్చింది. అతను తిరిగొచ్చి ఆవిడ ఎదురుగానే కూర్చున్నాడు. ఖాళీ బల్లలు చాలా ఉన్నాయి.

"ఆ గోళీని కాలవలో పడేసింది నేనే ప్రొఫె. నా పరీక్షలోనే. గుర్తుందా?"

"గుర్తుంది. చొక్కా చేతులు మడిచి కాలవలో వెతికావు."

"అంటే చిన్న గోళీ సంగతి నాకూ తెలుసని మీకు తెలుసు."

"తెలుసు."

"మరి నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"నీ నోరు నీ దగ్గరే ఉంది కదరా అబ్బాయ్. నేను అరువు తీసుకోవడం ఎందుకు?"

అతను చక్కెర పొట్లాన్ని చించి, బల్ల మీద పోసి, వేలితో గీతలు గీశాడు. సిల్వీనా మాకు దూరంగా గోడవైపు తిరిగి కూర్చుని ఉంది, ఒళ్ళో గుడ్డ చుట్టిన ఏదో గుండ్రటి వస్తువుతో.

"పరిశోధన ఉద్యోగానికి ఎంపికయ్యానని ఉత్తరం పంపారు. ఉద్యోగం మాత్రం పంపలేదు," అన్నాడు గస్తోన్. "రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నా. పగలు ఫోను యాప్‌లో కారు నడుపుతున్నా. మీరు పేరుకే టాక్సీ ప్రొఫె. నేను నిజంగా టాక్సీయే."

సులేమా మొదటిసారి నవ్వింది. "డాక్టరేటు చేసినవాడి బండి ఎక్కితే ఎక్కువ తీసుకుంటావా?"

"దారి పొడుగునా పాదసూచికలు చెప్తా. అది ఉచితం."

అప్పుడే రోకె గుమ్మంలోకి వచ్చి తల ఊపాడు. సులేమా లేచింది. సంచీ భుజానే ఉంది.

గుమ్మం కాపలా రోకెకు అప్పగించి ఆ పాఠం నేను విన్నాను. ఎన్నోసార్లు విన్న గొంతే అయినా ఆ రోజు కొత్తగా ఉంది. అచ్చయిన పాటల పుస్తకంలో నాలుగు పాదాల మధ్య తెల్లకాగితం ఎంత ఉంటుందో చూపించి, ఆ తెలుపులో ఎవరెవరు నిలబడి ఉన్నారో చెప్పింది. కోతకు వచ్చినవాళ్ళు, వంట చేసినవాళ్ళు, పాటలు రాసుకోవడానికి వచ్చి మర్యాదకు అడ్డొచ్చిన మాటలు కొట్టేసిన పెద్దమనిషి. మధ్యలో ముందు వరసలో ఉన్న ఒక అమ్మాయికి ప్రశ్న వేసింది. పోటీలో అలా వేయకూడదు, పాఠం ఒక్కరే చెప్పాలి. ఆ అమ్మాయి తప్పు జవాబు చెప్పింది. సులేమా ఊరుకోలేక ఇంకో ప్రశ్న వేసింది. పిల్లలు ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. పెద్దావిడ కలం చప్పుడు చేసేదాకా ఆవిడకు తానెక్కడున్నదో గుర్తు రాలేదు. తర్వాత తొందరపడింది. చివరి భాగాన్ని, బస్సు కదులుతుంటే సామాను లోపలికి విసిరినట్టు, గబగబా చెప్పి, ఇచ్చిన సమయం ఇంకా మిగిలి ఉండగానే ముగించేసింది. ఆ వీధిలో ఏ బస్సూ ఆవిడ కోసం ఆగి లేదు. కానీ ఏళ్ళ తరబడి ప్రతి పాఠాన్నీ బస్సు వేళకు కత్తిరించిన మనిషి. ఒంటికి ఆ అలవాటు పట్టేసింది.

సిల్వీనా వచ్చి ముందుగా బల్ల మీద గుడ్డ విప్పింది. చేతిలో పట్టేంత చిన్న డప్పు, తోలు నల్లబడినది. చాలా మామూలుగా, తరగతిలో హాజరు పిలిచినంత మామూలుగా, పాడింది.

చెరకు తియ్యన అంటారు
చేను చూడనోళ్ళు,
నా చేతుల నడగండి
చెబుతాయి పుళ్ళు.

"ఇది మా అత్త పాట," అన్నది. "నాలుగు పాదాలు అచ్చులో బాగానే పడతాయి. నిన్న వెళ్ళి మళ్ళీ పాడించుకున్నాను. మూడో పాదం మధ్య ఆగుతుంది. నేను ఇన్నేళ్ళూ ఆయాసం అనుకున్నాను. ఎనభై దాటిన మనిషి కదా. అడిగితే తిట్టింది. అక్కడ కత్తి దిగుతుందే పిచ్చిపిల్లా, గొంతు ఎలా లేస్తుంది అన్నది."

మళ్ళీ పాడింది. ఈసారి మూడో పాదంలో ఆగింది. డప్పు కూడా ఆగింది. ఆ ఖాళీలో రోడ్డు చివర సమ్మెవాళ్ళ కేకలు వినిపించాయి. ఆమె మళ్ళీ పాట అందుకుంది. తర్వాత నల్లబల్ల వైపు తిరిగి, ఆ ఖాళీని అచ్చులో పెట్టడానికి ఎవరెవరు ఏమేం చేశారో, ఎందుకు కుదరలేదో చివరిదాకా తొందర లేకుండా చెప్పింది. ఇచ్చిన సమయం అయ్యేసరికి ఆమె మాటా అయిపోయింది.

నేను బారు గుమ్మంలోకి తిరిగి వచ్చేసరికి టీవీలో ఫుట్‌బాలు అరుపులు. సులేమా నా ముఖంలోకి చూసి, "డప్పు తెచ్చిందా?" అన్నది.

"తెచ్చింది ప్రొఫె."

"సరే."

ఫలితం రెండు రోజులకు గేటుకు అంటించారు, నోటీసు బోర్డు లోపల ఉంది కాబట్టి. సిల్వీనా మొదట, సులేమా రెండు, గస్తోన్ మూడు. మొదటికీ రెండుకీ తేడా కొంచెమే. పిల్లలు అభ్యంతరం రాయమని చుట్టూ మూగారు. రోకె గేటు ఊచల మధ్య నుంచి తల పెట్టి మాట్లాడాడు.

"ఆ రోజు నువ్వు నోరు మూసుకుని ఉంటే ఆవిడ డప్పు సాంతియాగోలోనే ఉండేది, సులేమీటా. నాలుగు ఎలాగూ నాలుగే అయింది. నువ్వు ఆవిడకిచ్చింది ఒక్క రోజు. అదే నిన్ను మింగింది."

"నోరు మూసుకుంటే నేనెలా బతకను రోకె? నోటితోనే కదా జీతం," అన్నది.

కానీ ఆ వారమంతా ఆవిడ బస్సులో నిలబడే ప్రయాణించింది. ఒకసారి నాతో అకస్మాత్తుగా, ప్రశ్నల జోలికి పోకుండా ఉంటే సరిపోయేదేమో అన్నది. ఇంకోసారి, ఆ పెద్దావిడ రికార్డులో రాసిన వాక్యం మార్కులు వేసేటప్పుడు గుర్తొచ్చి ఉంటుందా అన్నది. గుర్తొచ్చి ఉండదేమో అన్నాను నేను. నువ్వు మర్యాదస్థుడైన మేనమామలా మాట్లాడకు అన్నది.

సాయంత్రం గంటలు పోయిన చోట, ఇంకా దూరంగా, కొండ కింద ఊళ్ళో ఒక రాత్రి బడిలో కొన్ని గంటలు దొరికాయి. మూడో బస్సు.

సిల్వీనా ఉద్యోగంలో చేరడానికి వచ్చిన రోజున పంజరాన్ని అప్పగించాలని సులేమా బస్టాండులోనే కలుద్దామంది. అది యూనివర్సిటీ సొత్తు. ఇద్దరూ నిలబడే, వేయించిన మాంసం పెట్టిన మిలనేసా రొట్టె తిన్నారు, కాగితంలోంచి మిరప రసం కారుతుండగా. సిల్వీనా కూడా సంచీ దించకపోవడం అప్పుడు గమనించాను.

"ఒకటి అడగనా అక్కా?" అన్నది సిల్వీనా. 'గారు' ఎప్పుడు పోయిందో తెలియదు. "మొదటి డ్రాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

సులేమా రొట్టె నమిలి మింగింది. "అదే అడుగుతూ తిరుగుతున్నా, మూడు బస్సుల్లో. ఇంకా ఎక్కడా దిగలేదు."

"నేనైతే డ్రా అయ్యాక కూడా చెప్పేదాన్ని కాదేమో."

"నన్ను ఓదారుస్తున్నావా?"

"లేదు. నా సంగతి చెప్తున్నా. నా కూతురి ముందు ఎవరైనా అడిగితే చెప్పేదాన్నే అంటాను."

సులేమా చేతులు తుడుచుకుని సంచీలోంచి పంజరాన్ని తీసి ఇచ్చింది. లోపల గోళీలు గలగలమన్నాయి.

"నాలుగోది కొత్తగా చెక్కించు. నారింజ కొమ్మ వద్దు, గట్టి చెక్కతో."

సిల్వీనా పంజరాన్ని ఎత్తి, ఎండకు అడ్డంపెట్టి, చిన్న గోళీ ఎక్కడుందో వెతికింది.

"పిల్లలకు తెలుసా, ఇదే పడుతుందని?"

"అందరికీ తెలుసు."

"కష్టమైన పాఠం ఏ నంబరులో పెట్టేవారు?"

సులేమా కనుబొమలు ఎత్తింది. సిల్వీనాకు అర్థమైంది. పంజరాన్ని తన సంచీలో పెట్టుకుంది.

"అయితే ఉండనీ," అన్నది.

కొండ కింద ఊరి బస్సు వచ్చింది. సులేమా ఎక్కింది, వెనకే నేనూ. సీటు ఉంది. ఈసారి కూర్చుంది. బస్సు మలుపు తిరిగేలోపు సంచీని రెండుసార్లు తడిమి చూసుకుంది, ఏదో మరిచిపోయినట్టు. తర్వాత దాన్ని భుజం మీంచి దించి ఒళ్ళో పెట్టుకుంది. కొంచెం దూరం పోయాక మళ్ళీ భుజానికి తగిలించుకుంది.